ఆకు అతికిస్తే ప్రకృతి కళ అయిపోదు

నాలుగు ఎండుటాకులు, రెండు ఈకలు, ఓ చెక్క ముక్క. వాటిని అట్ట మీద పొందిగ్గా పేర్చి, జిగురుతో అతికించి, కింద 'ప్రకృతి కళ' అని పేరు పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. చేసేవాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. ఫోన్ పక్కన పడేసి చేతులతో ఏదో ఒకటి చేయడం ఎప్పుడూ మంచిదే. నా పేచీ ఆ పేరుతో. ఆ అట్ట చేసిన మనిషిని పట్టుకుని, "ఆ ఆకు ఈనెలు అంచుదాకా వెళ్తాయా, మధ్యలోనే ఆగుతాయా?" అని అడిగి చూడండి. చాలామంది మళ్ళీ అట్ట వైపు తిరిగి చూడాల్సి వస్తుంది.

సహజ పదార్థం వాడినంత మాత్రాన పనికి ఏ గుణమూ వచ్చి చేరదు, చూసి చేస్తేనే వస్తుంది అన్నది నా వాదన. అలాగని పదార్థం సంగతి వదిలేసి ట్యూబు రంగులతో ఆకుల బొమ్మలు వేసుకోమని కూడా అనను. సొంతంగా బొగ్గు కాల్చుకోవడం, మట్టి కడిగి రంగు తీయడం, సిరా కాచుకోవడం చూపుకు మంచి సాధన. కొన్న ట్యూబు ఎప్పుడు పిండినా ఒకే రంగు వస్తుంది కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. తవ్వి తెచ్చిన మట్టిని పట్టించుకోకపోతే అసలు పనే జరగదు.

ముందు ఒక ఆకు

ఏదైనా ఏరుకొచ్చే ముందు ఒక్క ఆకు దగ్గర గంటసేపు కూర్చోవాలి. కొమ్మకు ఉండగానే గీస్తే మేలు. కోసిన ఆకు త్వరగానే వాలడం మొదలుపెడుతుంది, బొమ్మ సగంలో ఉండగా రూపం మారిపోతుంది. మొదటి పది నిమిషాలు బొమ్మ జోలికి పోకుండా ప్రశ్నలు రాసుకోండి. ఆకులు కొమ్మకు జంటలుగా వచ్చాయా, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చాయా? ఒక జంటకూ దాని పై జంటకూ మధ్య ఎంత తిరుగుడు ఉంది? అంచు నున్నగా ఉందా, రంపపు పళ్ళున్నాయా? ఈనెలు పైవైపు గుంటపడ్డాయా, ఉబ్బాయా?

జామ ఆకైతే జవాబులు ఇలా వస్తాయి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. నడిమి ఈనె నుంచి చీలిన పక్క ఈనెలు అంచును తాకవు. అంచుకు కొద్ది దూరంలో పైకి వంగి, తమ పైనున్న ఈనెను కలుసుకుంటాయి. అలా అంచు పొడవునా, కాస్త లోపలగా, వంపులు వంపులుగా ఒక గీత ఏర్పడుతుంది. చూడకుండా గుర్తును బట్టి గీసేవాళ్ళు దాదాపు అందరూ ఈ పక్క ఈనెలను చేప ముల్లులా తిన్నగా అంచుదాకా లాగేస్తారు. పైవైపున ఈనెలు లోపలికి దిగి, వాటి మధ్య ఆకు ఉబ్బి ఉంటుంది. పక్కనుంచి వెలుగు పడితే ఆ ఉబ్బుల్లో ఒక్కోదానికి ఒకవైపు వెలుగు, ఇంకోవైపు నీడ. ఆకును తిప్పితే ఇదంతా తలకిందులై, ఈనెలు గట్లుగా లేస్తాయి.

మందార దగ్గరికి వెళ్తే లెక్క వేరు. ఆకులు ఒకటి తర్వాత ఒకటిగా వస్తాయి, తొడిమ దగ్గర్నుంచే ఒకటికి మించి పెద్ద ఈనెలు విడిపోతాయి, పళ్ళు ఎక్కువగా కొనవైపు సగంలోనే కనిపిస్తాయి. పుదీనా కాండం వేళ్ళ మధ్య తిప్పితే నలుపలకలుగా తగులుతుంది, ప్రతి జంటా కింది జంటకు అడ్డంగా 90 డిగ్రీలు తిరిగి ఉంటుంది. పొద్దుతిరుగుడు లాంటి చాలా మొక్కల్లో ఒక ఆకుకూ తర్వాతి ఆకుకూ తిరుగుడు సుమారు 137.5 డిగ్రీలు. కోణమానిని పట్టుకుని గీయమని చెప్పడం లేదు. ఈ తిరుగుడు ఉన్నందువల్ల కొన్ని ఆకులు తప్పనిసరిగా మన ముఖం మీదికి వస్తాయి, కొన్ని వెనక్కి పోతాయి. మన వైపు చూసే ఆకు పొడవు సగానికి సగం కుదించుకుపోయి కనిపిస్తుంది, గీయడానికి కష్టం. ఆ కష్టానికి వెరచి అన్ని ఆకుల్నీ పక్కలకు పరిచేస్తే కొమ్మ పుస్తకంలో అణిచి ఎండబెట్టినట్టు చదునుగా తేలుతుంది.

గీసే పద్ధతిలో ఒక్క మార్పుతో చాలా తప్పులు పోతాయి: బయటి అంచుతో మొదలుపెట్టకండి, నడిమి ఈనెతో మొదలుపెట్టండి. అంచు ముందు గీస్తే ఈనెల్ని అందులో ఇరికించాల్సి వస్తుంది. మడత పడిన ఆకులో ఇది మరీ ముఖ్యం. నడిమి ఈనె మడత వెనక దాగి మళ్ళీ బయటపడేటప్పుడు, కనబడని భాగాన్ని కూడా తేలిగ్గా గీసుకుంటూ వెళ్తే రెండు ముక్కలూ ఒకే వంపులో కలుస్తాయి. లేకపోతే ఆకు విరిగినట్టుంటుంది. ఆ తర్వాత ఆకుల మధ్య ఖాళీ జాగాల ఆకారాలు గీయండి. ఆకు ఎలా ఉంటుందో మనకు ముందే ఓ అభిప్రాయం ఉంటుంది, ఖాళీకి అలాంటిదేమీ ఉండదు, అందుకే ఖాళీని ఉన్నదున్నట్టు చూస్తాం.

చెట్టు గీసేటప్పుడు లియొనార్డో డా విన్సీ తన నోటు పుస్తకాల్లో రాసుకున్న ఒక గమనిక పనికొస్తుంది. ఒక చెట్టు కొమ్మల్ని ఏ ఎత్తులోనైనా అన్నిటినీ కలిపి చూస్తే మాను మందానికి సమానమవుతాయని ఆయన అన్నాడు. కచ్చితమైన నియమంగా తీసుకోనక్కర్లేదు కానీ దీన్నుంచి గీతకు పనికొచ్చే సంగతి ఒకటుంది. కొమ్మ దారి పొడవునా సన్నబడుతూ పోదు, చీలినచోట ఒక్కసారిగా సన్నబడుతుంది. రెండు చీలికల మధ్య దాదాపు ఒకే మందంలో సాగుతుంది. పిల్లల బొమ్మల్లో చెట్లు క్యారెట్లలా ఉండటానికీ, పెద్దల బొమ్మల్లో చాలా చెట్లు అలాగే ఉండటానికీ కారణం ఈ ఒక్కటి చూడకపోవడమే.

ఇక రంగు. 'ఆకుపచ్చ' అనేసి ఊరుకుంటే రంగు చూడనట్టే. ఎండలో ఉన్న ఒకే ఆకులో కనీసం మూడు రంగులుంటాయి. నిగనిగలాడే పైభాగం ఆకాశాన్ని ప్రతిఫలించి నీలి బూడిద రంగులోకి, ఒక్కోచోట తెలుపులోకి పోతుంది. వెనకనుంచి వెలుగు దూసుకొచ్చే భాగం పసుపు కలిసిన పచ్చగా మెరుస్తుంది. నీడలో ఉన్న భాగంలో పచ్చదనం అణిగిపోతుంది. వెలుగు ఆకు మీద పడి తిరిగొస్తోందా, ఆకులోంచి దూరి వస్తోందా అన్నది తేల్చుకోకుండా రంగు కలపడం మొదలుపెట్టకూడదు.

చూసి గీయడం అంటే ఏమిటో కీటకాల చిత్రకారిణి మారియా సిబిల్లా మేరియన్ చూపించింది. ఆమె 1699లో, యాభై రెండేళ్ళ వయసులో, కూతుర్ని వెంటబెట్టుకుని కీటకాల్ని చూడటానికి దక్షిణ అమెరికాలోని సూరినామ్‌కు ఓడెక్కింది. గుడ్డు, గొంగళి, గూడు, రెక్కల పురుగు, అది తినే మొక్క అన్నీ ఒకే బొమ్మలో పెట్టింది. పురుగుల్ని పెంచుతూ, అవి ఏ ఆకు తింటున్నాయో కనిపెడుతూ గీసింది కాబట్టి అలా కూర్చగలిగింది. సీతాకోకచిలుకను పట్టి సూదికి గుచ్చి గీసేవాళ్ళకు ఆ కూర్పు తట్టే అవకాశం లేదు.

బొగ్గు

మొదట చేసుకోవాల్సిన పదార్థం ఇదే. ఖర్చు లేదు, ఎండకు వెలిసిపోదు. విల్లో కొమ్మలు, ద్రాక్ష తీగలు పేరున్నవి. చింత పుల్లలూ బాగా వస్తాయి. జిగురు కారే చెట్లు వద్దు. పెన్సిల్ మందం నుంచి చిటికెన వేలి మందం దాకా ఉన్న తిన్నని పుల్లలు ఏరి, బెరడు గీకేసి, బాగా ఎండనివ్వాలి. బిగుతుగా మూతపడే రేకు డబ్బాలో ఖాళీ లేకుండా నిలువుగా కూర్చాలి. డబ్బాకు లోపల రంగో పూతో ఉంటే ముందు ఆరుబయట ఖాళీగా ఒకసారి కాల్చేయాలి. మూతకు సన్న మేకుతో ఒకే ఒక రంధ్రం కొట్టాలి. అది లేకపోతే లోపలి ఆవిరి మూతను ఎగరగొడుతుంది, పెద్దదైతే గాలి దూరి పుల్లలు బూడిదవుతాయి.

మంటలో పెట్టాక రంధ్రంలోంచి మొదట తెల్లని ఆవిరి, తర్వాత చిక్కటి పొగ వస్తుంది. ఆ పొగ ఒక్కోసారి రంధ్రం దగ్గరే అంటుకుని చిన్న మంటగా వెలుగుతుంది. అది ఆగిపోతే పని అయినట్టు. చిన్న డబ్బాకు ముప్పావుగంట, గంట పడుతుంది. డబ్బాను బయటికి తీసి రంధ్రాన్ని తడిమట్టితో మూసి, పూర్తిగా చల్లారేదాకా వదిలేయాలి. వేడిగా ఉండగా మూత తీస్తే గాలి తగిలి బొగ్గు భగ్గుమంటుంది.

పుల్ల విరిస్తే గాజులా టక్కుమనాలి, లోపలిదాకా నల్లగా ఉండాలి. మధ్యలో గోధుమ రంగు మిగిలితే తొందరపడి తీశారని అర్థం, అది కాగితాన్ని గీరుతుందే తప్ప గీత పడదు. ముట్టుకుంటేనే పొడి అవుతుంటే మరీ ఎక్కువ కాలింది, లేదా పుల్లలో దూది లాంటి గుజ్జు ఎక్కువ. ఆ పొడిని పారేయకండి, జిగురు నీళ్ళతో నూరితే నల్ల రంగు అవుతుంది. బొమ్మ చెదరకుండా ఉండటానికి వెన్న తీసిన పాలలో సమానంగా నీళ్ళు కలిపి, దూరం నుంచి సన్నటి తుంపరగా కొడితే సరిపోతుంది. దగ్గర్నుంచి కొడితే చుక్కలు పడి బొగ్గు కారిపోతుంది.

మట్టి

దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో సుమారు 1,00,000 ఏళ్ళనాటి రంగు తయారీ సరంజామా బయటపడింది. అబలోనీ అనే సముద్రపు నత్త చిప్పలు రెండింటిలో జేగురు మట్టి పొడి, బొగ్గు, చితక్కొట్టిన ఎముక, పక్కన నూరే రాళ్ళు. అంత కాలం తర్వాత కూడా ఎరుపు ఎరుపుగానే ఉందంటే అది ఇనుప ఆక్సైడు కావడం వల్ల. ఎర్రమట్టిలోని రంగు హెమటైట్ అనే ఇనుప ఖనిజం, పసుపు మట్టిలోనిది గోథైట్ అనే ఇంకో ఇనుప ఖనిజం. రెండూ ఎండకు చలించవు. సహజ రంగుల్లో మొదటి పెద్దపీట వీటికే వేయాలి. పూలరసాలతో మొదలుపెట్టమని చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను.

పైపొర మట్టి తీసుకోవద్దు. అందులో కుళ్ళిన ఆకులు, వేళ్ళు ఉంటాయి, రంగు బూజు పడుతుంది. గట్టు తెగినచోట, పైనుంచి అడుగు లోతు కిందున్న మట్టి చూడండి. వేలికి తడిమట్టి రాసుకుని కాగితం మీద రుద్ది, ఆరాక దులపండి. మరక నిలిస్తే రంగు ఉంది, అంతా రాలిపోతే అది వట్టి ఇసుక. ఎండుగడ్డ మీద రెండు చుక్కలు వెనిగర్ వేయండి. బుసబుస పొంగితే సున్నం ఎక్కువ ఉన్నట్టు, రంగు పాలిపోయి వస్తుంది.

200 గ్రాముల గడ్డలు చితక్కొట్టి, రాళ్ళు, పుల్లలు ఏరేసి, లీటరు నీళ్ళలో బాగా కలపాలి. 15 నుంచి 20 సెకన్లు ఆగితే ఇసుక అడుక్కి దిగుతుంది. పైనున్న బురద నీటిని ఇంకో పాత్రలోకి వంచేయాలి, అడుగున మిగిలింది పారేయాలి. ఇదే పని మూడుసార్లు. ఎక్కువమంది ఇక్కడ చేసే తప్పు అడుగున కాస్త 'మంచి మట్టి' కూడా మిగిలిపోతోందని చివరి చుక్కదాకా వంచడం. దాంతో పాటు ఇసుకా వచ్చేస్తుంది, తర్వాత ఎంత నూరినా కుంచె కింద గరగరలాడుతుంది. కొంత పోనివ్వాలి. వంచిన నీటిని రాత్రంతా కదపకుండా ఉంచితే ముద్ద దిగుతుంది. పై నీరు తీసేసి, వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి, పొడి చేసుకోవాలి.

పసుపు మట్టి దొరికితే ఒకే మట్టితో ఐదారు రంగులు తీయవచ్చు. పొడిని పాత ఇనుప పెనం మీద పలచగా పరిచి, ఆరుబయట, సన్న మంట మీద కలుపుతూ వేడిచేయాలి. సుమారు 250, 300 డిగ్రీల దగ్గర గోథైట్‌లోని నీరు పోయి హెమటైట్‌గా మారుతుంది. పసుపు మొదట నారింజ వైపు, తర్వాత ఇటుక ఎరుపు వైపు జరుగుతుంది. రంగు మారడం మొదలయ్యాక త్వరగా సాగిపోతుంది కాబట్టి కన్ను తిప్పకూడదు. ప్రతి రెండు నిమిషాలకూ ఒక చెంచా తీసి విడిగా పెట్టుకుంటే ఒక వరుస తయారవుతుంది. వేడి మీద రంగు అసలుకన్నా ముదురుగా కనిపిస్తుంది, చల్లారాకే నిజమైన రంగు తెలుస్తుంది.

పొడిని కాగితానికి పట్టి ఉంచడానికి తుమ్మజిగురు. ఒక పాలు జిగురు పొడికి రెండు పాళ్ళు వేడినీళ్ళు, బరువు లెక్కన. రాత్రంతా నాననిచ్చి గుడ్డలో వడకట్టాలి. 100 మిల్లీలీటర్లకు ఒక చెంచా తేనె కలిపితే ఆరినప్పుడు పెళుసుబారదు, రెండు మూడు చుక్కల లవంగ నూనె వేస్తే బూజు ఆగుతుంది. గాజు పలక మీద ఒక చెంచా రంగు పొడి పోసి, దాదాపు అంతే జిగురు నీరు వేసి, అడుగు చదునుగా ఉన్న గాజు ముద్దతో సున్నాలు చుడుతున్నట్టు పది పదిహేను నిమిషాలు నూరాలి. మొదట గరగరమనే శబ్దం తగ్గుతూ తగ్గుతూ పోతుంది. చెవితో తెలుసుకోవాల్సిన పని ఇది.

ఆరాక వేలితో రుద్దండి. రంగు వేలికి అంటితే జిగురు చాల్లేదు. మెరుస్తూ, సన్నగా బీటలిచ్చి, కాగితం వంచితే పెచ్చులు లేస్తే జిగురు ఎక్కువైంది. మెరుపు లేకపోయినా బీటలు వస్తుంటే మట్టిలో బంకమన్ను ఎక్కువని అర్థం. దానికి విరుగుడు మందంగా ఒకేసారి పూయకుండా, పలచటి పూతలు ఒకదానిపై ఒకటి వేయడం.

సిరా

కరక్కాయల్లో టానిన్ అనే వగరు పదార్థం దండిగా ఉంటుంది. దానికి అన్నభేది (ఇనుప లవణం, ఫెర్రస్ సల్ఫేట్) కలిస్తే నల్ల సిరా. గింజ తీసేసిన కరక్కాయ పెచ్చుల పొడి 40 గ్రాములు, నీళ్ళు 400 మిల్లీలీటర్లు. రాత్రి నానబెట్టి, పొద్దున సన్న మంట మీద సగమయ్యేదాకా కాచి, గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. ఇనుప పాత్ర వద్దు, స్టీలో గాజో వాడాలి. చల్లారాక 6 గ్రాముల అన్నభేది, 10 గ్రాముల తుమ్మజిగురు పొడి కలిపి కరిగేదాకా తిప్పాలి. అన్నభేది పలుకులు లేత పచ్చగా ఉండాలి. గోధుమ రంగు పొడిగా మారి ఉంటే అది గాలికి పాడైంది, సిరా మడ్డిగా వస్తుంది.

రాసిన కొత్తలో గీత పాలిపోయి కనిపిస్తే కంగారుపడి ఇంకా అన్నభేది వేస్తారు. అదే అసలు ముప్పు. ఈ సిరా గాలి తగిలే కొద్దీ నల్లబడుతుంది, మర్నాటికి తేడా తెలుస్తుంది. మోతాదు మించిన ఇనుము కాగితంలో ఉండిపోయి, ఆమ్లంతో కలిసి పీచును తినేస్తుంది. ఏళ్ళు గడిచాక గీత చుట్టూ గోధుమ చాయ పాకి, కాగితం గీత వెంబడే చిరుగుతుంది. పాత రాతప్రతుల్లో అక్షరాలు రాలిపోయి చిల్లులు మిగలడానికి కారణం ఇదే. పాళీతోనో కుంచెతోనో వాడండి. ఫౌంటెన్ పెన్నులో పోస్తే జిగురు గొంతు పూడ్చేస్తుంది.

పూలు, వెలిసిపోవడం

ఇక్కడ ఒక సాకును గురించి మాట్లాడాలి. మందార రసంతో వేసిన బొమ్మ కొన్ని వారాలకే వెలిసిపోతే, "ప్రకృతి అశాశ్వతం కదా, అదే ఇందులో అందం" అంటారు. ముందే తెలిసి, వెలిసిపోవడాన్ని బొమ్మలో భాగం చేసుకుంటే ఆ మాట ఒప్పుకుంటాను. వెలిసిపోయాక తట్టిన తత్త్వమైతే ఒప్పుకోను. ఆ బొమ్మను ఎవరికైనా అమ్మి ఉంటే అసలే ఒప్పుకోను.

ఎందుకు వెలుస్తాయో తెలుసుకుంటే ఏవి వాడాలో తేలిపోతుంది. పసుపుకొమ్ములోని కర్క్యుమిన్ ఎండకు గంటల్లోనే విరిగిపోవడం మొదలవుతుంది. బీట్‌రూట్ ఎరుపు కూడా అంతే. ఆకు రసంలోని పత్రహరితం ఆమ్లం తగిలితే తన మెగ్నీషియంను పోగొట్టుకుని గోధుమ పచ్చకు దిగిపోతుంది. శంఖపుష్పం నీలం, మందార ఎరుపు ఇచ్చే ఆంథోసయనిన్లు వెలుగుకే కాక ఆమ్లానికీ క్షారానికీ రంగు మారుస్తాయి. శంఖపుష్పం రసంలో నిమ్మరసం పడితే ఊదా, గులాబీ వైపు పోతుంది, బేకింగ్ సోడా పడితే పచ్చ వైపు. గిన్నెలో ఎర్రగా ఉన్న మందార రసం కాగితం మీద ఆరేసరికి నీలిబూడిద అవుతోందంటే తప్పు రసానిది కాకపోవచ్చు. మన్నిక కోసం కాల్షియం కార్బొనేట్ కలిపిన కాగితాలు క్షార గుణం కలిగి ఉంటాయి. రంగును మార్చింది కాగితమే.

వెలిసే గుణాన్నే పనిముట్టుగా చేసుకున్న పద్ధతి ఒకటుంది. 1842లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ పూలరసాల మీద సూర్యకాంతి చేసే పని గురించి రాసిన వ్యాసం నుంచి ఆంథోటైప్ పద్ధతికి దారిపడింది. పసుపు పొడిని స్పిరిట్‌లో కలిపి వడకట్టి, కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టి, మీద ఒక ఆకు పెట్టి గాజు పలకతో అణిచి ఎండలో ఉంచితే, ఆకు లేనిచోట పసుపు వెలిసిపోయి ఆకు ఆకారం నిలుస్తుంది. పసుపుకైతే కొన్ని గంటలు చాలు, కొన్ని పూలరసాలకు వారాలు పడుతుంది. ఆకు పలచనైతే ఈనెలు కూడా పడతాయి. తర్వాత బొరాక్స్ (వెలిగారం) నీళ్ళు పూస్తే పసుపు ఎరుపు గోధుమకు తిరుగుతుంది. ఇది గోడకు తగిలించే బొమ్మ కాదు, మూసి ఉంచే ఆల్బంలో పెట్టుకోవాలి. ఇక్కడ 'అశాశ్వతం' అనే మాటకు అర్థముంది.

మొక్కల రంగు కొంతకాలం నిలవాలంటే దాన్ని పటికతో కట్టి, కరగని పొడిగా మార్చాలి. మంజిష్ఠ వేర్ల చిక్కటి కషాయం 200 మిల్లీలీటర్లు తీసుకోండి. సలసలా మరిగించకుండా వేడిమీద నానబెట్టి తీసిందైతే ఎరుపు శుభ్రంగా ఉంటుంది. అందులో 10 గ్రాముల పటిక కరిగించండి. 4 గ్రాముల వాషింగ్ సోడాను అరకప్పు వేడినీళ్ళలో విడిగా కరిగించి, చెంచా చెంచాగా పోయండి. పొంగుతుంది, కాబట్టి పాత్ర మూడింతలు పెద్దదై ఉండాలి. పొంగు ఆగాక రంగు ముద్దలు ముద్దలుగా విరిగి కిందికి దిగుతుంది. పై నీళ్ళలో ఇంకా చిక్కటి ఎరుపు ఉంటే మరికాస్త సోడా పట్టొచ్చు. ఒక్కసారిగా ఎక్కువ పోస్తే ఎరుపు ఊదాకు తిరుగుతుంది. కాఫీ ఫిల్టర్‌లో వడకట్టి, రెండుసార్లు మంచినీళ్ళతో కడగాలి. కడగకపోతే మిగిలిన లవణాలు ఆరిన బొమ్మ మీద తెల్లగా పూస్తాయి. నీలిమందుకు ఈ తతంగం అక్కర్లేదు, అది తనంతట తనే కరగని పొడి, నేరుగా జిగురులో నూరుకోవచ్చు. పచ్చ కావాలన్నా పత్రహరితం వెంట పడకుండా నీలిమందులో పసుపు మట్టి కలుపుకోండి. లేత చిగురు పచ్చ రాదు, ముదురాకు పచ్చ వస్తుంది.

ఏ రంగైనా బొమ్మలో వాడే ముందు ఒక పట్టీ మీద పూసి, సగం భాగాన్ని అల్యూమినియం రేకుతో కప్పి, ఎండ పడే కిటికీకి నెల రోజులు అంటించండి. రేకు తీశాక రెండు సగాలకూ తేడా కనిపిస్తే ఆ రంగు సంగతి తేలిపోయినట్టే. ఈ పరీక్ష చేయని మనిషి సహజ రంగుల గురించి ఇచ్చే హామీలను నేను లెక్కలోకి తీసుకోను.

సహజమైతే ప్రమాదం లేదా?

హరిదళం భూమిలో దొరికే పసుపు ఖనిజమే, అందులో ఉన్నది ఆర్సెనిక్. ఇంగిలీకం భూమిలో దొరికే ఎరుపే, అందులో ఉన్నది పాదరసం. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. గన్నేరు పుల్లలు బొగ్గుకు బాగా పనికొచ్చేలా తిన్నగా ఉంటాయి కానీ వాటి పొగ కూడా విషమే. పిల్లలతో చేయిస్తూ "అన్నీ సహజమే, ఏం కాదు" అనేవాళ్ళను చూస్తే నాకు నిజంగా భయం. తెలియని మొక్క ముట్టుకోకూడదు. మట్టి పొడి చేసేటప్పుడు మాస్కు ఉండాలి, ఎందుకంటే సన్నని ఇసుక ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తడిపి నూరితే ధూళే లేవదు. అన్నభేది పిల్లలకు అందకూడదు. వంట పాత్రలు ఈ పనికి వాడకూడదు, ఈ పాత్రల్లో మళ్ళీ వండకూడదు.

ఏరుకోవడంలోనూ అంతే. రాలినవి ఏరుకోండి. రాతి మీద పొరలా పెరిగే లైకెన్లను గీకకండి, చాలా రకాలు ఏడాదికి మిల్లీమీటరో అంతకన్నా తక్కువో పెరుగుతాయి. వాగుల్లో రాళ్ళు ఒకదానిపై ఒకటి పేర్చి ఫొటో తీసుకోవడం ఫ్యాషనైంది కానీ ఆ రాళ్ళ కిందే పురుగులు, చేపపిల్లలు బతుకుతుంటాయి. నేలమీద తాత్కాలికంగా ఏదైనా చేయాలనిపిస్తే బ్రిటిష్ కళాకారుడు ఆండీ గోల్డ్స్‌వర్తీ పద్ధతి చూడండి. ఆకుల్ని ముళ్ళతో గుచ్చి కలుపుతాడు, జిగురు తేడు. ఒకే చెట్టు కింద రాలిన ఆకుల్ని పచ్చ నుంచి పసుపు, ఎరుపు, గోధుమ దాకా వరుసలో పేర్చి చూడండి, ఎన్ని మెట్లు దొరుకుతాయో. తడిపిన ఆకులు ఒకదానికొకటి అంటుకుని గాలికి కాసేపు ఆగుతాయి. ఎండ నడినెత్తిన ఉండగా చేస్తే నీడలు పోయి ఫొటోలో అంతా చదును, ఏటవాలు వెలుగులో చేసుకోవాలి.

పూర్తయిన ప్రతి పని వెనకా నాలుగు మాటలు రాయండి: మట్టి ఏ గట్టుది, ఎన్నిసార్లు కడిగారు, జిగురు ఎన్ని పాళ్ళు, ఏ నెల. రెండేళ్ళ తర్వాత అదే రంగు మళ్ళీ కావాలన్నప్పుడు ఇవి లేకపోతే అన్నీ మొదటికి వస్తాయి. రాసేది పెన్సిల్‌తో రాయండి. కరక్కాయ సిరాతో రాస్తే అది కాగితంలోకి దిగి, ముందువైపు బొమ్మ మీద తేలుతుంది.